మామయ్య ఇచ్చిన జీను, గౌరి వీపు

విజయనగరం జిల్లా నెల్లిమర్ల వైపు ఒక పల్లె నుంచి 24 ఏళ్ల అమ్మాయి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. పేరు, ఊరు వేయొద్దని కోరింది, వేయడం లేదు.

వాళ్ల నాన్నగారు 40 ఏళ్లుగా గుర్రాలు సాకుతున్నారు. ఒకప్పుడు జట్కా తోలారు, ఇప్పుడు పెళ్లి ఊరేగింపులకి గుర్రం పంపుతారు. ఇంట్లో ఉన్నది ఒక్కటే, గౌరి అనే ఆడగుర్రం, తొమ్మిదేళ్లది. డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీలో స్వారీ నేర్చుకున్న ఈ అమ్మాయి, ఇప్పుడు బ్యాంకు పరీక్షలకి చదువుకుంటూ, రోజూ తెల్లవారగానే గౌరి మీద చంపావతి నది గట్టు దాకా వెళ్లొస్తుంది. ఇన్నాళ్లూ దుప్పటి మడత వేసుకుని ఎక్కేది. మూడు నెలల కిందట మిలటరీలో చేసి రిటైరైన మేనమామ, కాన్పూర్‌లో తయారైన తోలు జీను 22,000 రూపాయలు పెట్టి కొని పంపారు. అప్పటినుంచీ అంతా తలకిందులైంది.

"జీను చేతిలో కనబడగానే చెవులు వెనక్కి వాల్చేస్తుంది. పొట్ట కింద పట్టీ బిగిస్తుంటే కరవడానికి వస్తుంది. నేను ఎక్కగానే వీపు కిందికి కుంగుతుంది, అడుగులు పొట్టిగా వేస్తుంది. దిగి జీను తీస్తే ఒళ్లంతా చెమటే, మూపుకి అటూ ఇటూ మాత్రం అరచేతంత మేర పొడిగా ఉంటోంది. అక్కడ బొటనవేలితో నొక్కితే చర్మం జలదరిస్తుంది. వెనకవైపు, నడుం దగ్గర వెంట్రుకలు రేగిపోయి ఉంటున్నాయి. సోఫా స్పాంజి రెండు మడతలు వేసి చూశాం, ఇంకా ఎక్కువైంది. నాకూ నడుం నొప్పి మొదలైంది. ఎంత సర్దుకున్నా వెనక్కే జారిపోతాను, కాళ్లు ముందుకి పోతాయి. అమ్మేమో ఆడపిల్లకి ఈ స్వారీలెందుకే అంటోంది. నాన్న 'దీనికి నొప్పేటి, పొగరు. రెండు తగిలించు, దారికొచ్చేస్తాది. లేదంటే అమ్మేద్దాం' అంటున్నారు."

అసలు చిక్కు ఆ తరవాత రాసింది. అమ్మమ్మగారి పొలం విషయంలో నాన్నకీ మామయ్యకీ రెండేళ్లు మాటల్లేవు. ఈ జీనుతోనే మళ్లీ రాకపోకలు మొదలయ్యాయి. మామయ్య ఈ ఏడు విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి వస్తున్నారు, దానికి ముందురోజే తొలేళ్ళు. "తొలేళ్ళ నాటికి వాళ్లింటిల్లిపాదీ దిగుతారు. ఆ జీను మీద నేను కనబడకపోతే ఆయన మనసు విరిగిపోతుంది. స్వారీ మానుకోనా, జీను పక్కన పెట్టనా, గౌరిని వదులుకోనా?" ఇదీ ప్రశ్న. ఫొటోలు, కొలతలు కూడా పంపింది.

అమ్మా, మీ ఉత్తరంలో చివర అడిగిన మూడు ప్రశ్నల కంటే మధ్యలో రాసిన వివరాలే నాకు ఎక్కువ చెప్పాయి. గౌరి నొప్పి, మీ నడుం నొప్పి రెండు వేరు వేరు సమస్యలని మీరు అనుకుంటున్నారు. నాకు మాత్రం రెండూ ఒకచోటు నుంచే వస్తున్నాయనిపిస్తోంది.

జీనులో మన కంటికి కనబడేది తోలు. గుర్రానికి తెలిసేది లోపలి చట్రం. దాన్ని ట్రీ అంటారు. చెక్కతోనో గట్టి ప్లాస్టిక్‌తోనో చేస్తారు. ముందు భాగంలో అది ఇంటి వాసాల్లా మూపుకి రెండు పక్కలా దిగుతుంది. ఆ వాసాల వాలు, గుర్రం భుజాల వాలు ఒక్కలాగే ఉండాలి. గౌరి ఫొటో చూశాను. గుండ్రటి ఒళ్లు, వెడల్పు మూపు. ఆ జీను సన్నని, ఎత్తు మూపు ఉన్న గుర్రానికి చేసినట్టుంది. ఇరుకు చట్రాన్ని వెడల్పు వీపు మీద పెడితే ముందు భాగం కిందికి దిగలేక పైనే నిలబడిపోతుంది, వెనక భాగం వాలిపోతుంది. పక్కనుంచి తీసిన ఫొటోలో ఇది స్పష్టంగా కనబడుతోంది. మూపు పక్కన రెండు పొడి మచ్చలున్నాయే, అక్కడే ఆ వాసాల చివర్లు గుచ్చుకుంటున్నాయి. ఒత్తిడి బాగా ఎక్కువైన చోట చెమట పట్టదు. జీను అసలు తగలనిచోట కూడా ఒక్కోసారి పొడిగానే ఉంటుంది, కాబట్టి పొడి మచ్చ చూసి వెంటనే తీర్పు చెప్పకూడదు. కానీ మీరు వేలితో నొక్కితే జలదరిస్తోందన్నారు. అది తగలనిచోటు కాదు, నొప్పి ఉన్నచోటు.

ఇప్పుడు మీ సంగతి. వాలు మీద కూర్చున్నవాళ్లు వెనక్కి జారక ఏం చేస్తారు? జారకుండా ఉండాలని కాళ్లు ముందుకి తన్నిపెడతారు, నడుం బిగబడతారు. కుర్చీలో కూర్చున్న భంగిమ వస్తుంది. గుర్రం వేసే ప్రతి అడుగూ నేరుగా మీ నడుముకి తగులుతుంది. మీ బరువంతా జీను వెనక అంచు మీద పడి గౌరి నడుముని కుంగదీస్తుంది. ఆ దెబ్బకి గౌరి వీపు దించుకుంటుంది, వీపు దించుకుంటే జీను ఇంకా వాలుతుంది. మీ ఇద్దరూ ఒకరి నొప్పి ఒకరికి పెంచుకుంటున్నారు, తప్పు ఇద్దరిదీ కాదు.

స్పాంజి వేస్తే ఎందుకు ఎక్కువైందో కూడా ఇందులోనే ఉంది. ఇరుకైనదాంట్లో ఇంకో మందం దూర్చారు. జీను కింద గుడ్డ చెమట పీల్చడానికి, రాపిడి తగ్గించడానికి. అది సైజు మార్చలేదు.

ఇంకో విషయం చెప్పాలి, ఇది మీ నాన్నగారికి కష్టంగా ఉండొచ్చు. ఫొటోలో ఎడమవైపు మూపు కింద రూపాయి బిళ్లంత తెల్ల వెంట్రుకల మచ్చ ఉంది. "అది రెండేళ్ల నుంచీ ఉంది, పుట్టుమచ్చ అనుకున్నాం" అని రాశారు. తొమ్మిదేళ్ల గుర్రానికి రెండేళ్ల కిందట పుట్టుమచ్చ రాదమ్మా. చాలాకాలం ఒకేచోట ఒత్తిడి పడితే వెంట్రుక కుదుళ్లు దెబ్బతిని, కొత్తగా మొలిచే వెంట్రుకలు తెల్లగా వస్తాయి. మామయ్య జీను వచ్చి మూడు నెలలే. కాబట్టి ఈ మచ్చ పెళ్లిళ్లకి వేసే జీనుది. గౌరికి జీను అంటే భయం కొత్త జీనుతో మొదలవలేదు, కొత్త జీనుతో బయటపడింది.

మీరిచ్చిన కొలతలతో లెక్క వేశాను. ఛాతీ చుట్టుకొలత 162 సెంటీమీటర్లు, భుజం కొసనుంచి పిరుదు కొస దాకా పొడవు 145. చుట్టుకొలతని దానితోనే గుణించి, పొడవుతో మళ్లీ గుణించి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు ఉజ్జాయింపుగా వస్తుంది. గౌరి సుమారు 320 కిలోలు. గుర్రం బరువులో ఐదోవంతు దాటకుండా మోయించాలని గుర్రాల వైద్యులు సాధారణంగా చెబుతారు. అంటే 64 కిలోలు, జీనుతో కలిపి. మీరు 51, జీను 7 అనుకున్నా 58. మీరు బరువు కాదు, ఆ దిగులు వదిలేయండి. పెళ్లికొడుకు 80 కిలోలు ఉండి, జరీ ముసుగులు, ఇత్తడి గంటల అలంకరణతో కలిపి 95 దాటితే మాత్రం అది దాదాపు మూడోవంతు. పైగా ఊరేగింపులో డీజే దగ్గర గంటలకొద్దీ కదలకుండా నిలబెడతారు. నడిచే గుర్రానికి అడుగడుగుకీ కండరాలు బిగిసి సడలుతుంటాయి, నిలబడ్డ గుర్రానికి ఆ వెసులుబాటు ఉండదు.

నాన్నగారితో ఈ లెక్క ముందు చెప్పకండి. 40 ఏళ్లు గుర్రాల మధ్య బతికిన మనిషికి కాగితం మీద అంకెలు చూపిస్తే ఆయన పనినే తప్పుపట్టినట్టు ఉంటుంది. నా చిన్నతనంలో విజయనగరం గంటస్తంభం దగ్గర జట్కాలు ఆగేవి. ఆ గుర్రాల మెడల మీద పుండ్లకి పసుపు, వేపనూనె రాస్తూ కూర్చునేవాళ్లు ఆ తోలేవాళ్లే. ప్రేమ లేక కాదు, పుండు ఎందుకు పడుతోందో చూపించినవాళ్లు లేక. మీరు ఒక పని చేయండి. దుప్పటి లేకుండా గౌరి మీద జీను పెట్టి, పట్టీ వదులుగా బిగించి, నాన్నగారి అరచెయ్యి మూపు పక్కన జీను కిందికి పెట్టించండి. ఇంకొకరు జీను మీద రెండు చేతులూ ఆనించి నెమ్మదిగా బరువు మోపాలి. చెయ్యి నలిగేది ఎక్కడో ఆయనకే తెలుస్తుంది. ఆ తరవాత మీరు ఏమీ మాట్లాడనక్కర్లేదు.

ఇక పరీక్ష. ఆషాఢం నడుస్తోంది, పెళ్లిళ్లు ఎలాగూ లేవు. ఇది మీ అదృష్టం. కనీసం రెండు వారాలు గౌరి వీపు మీద ఏమీ వేయకండి. చేత్తో పట్టుకుని నడిపించండి చాలు. ఈలోగా గరివిడి పశువైద్య కళాశాలలో చూపించండి. వీపు నొప్పి అనుకున్నది ఒక్కోసారి కాలిదో, గిట్టదో, పంటిదో అయి ఉంటుంది. జీను మీద డబ్బు పెట్టే ముందు అది తేల్చుకోవాలి.

వీపు నెమ్మదించాక, గచ్చులాంటి చదును నేల మీద నిలబెట్టి, దుప్పటి లేకుండా జీను పెట్టండి. కాస్త ముందుగా మూపు మీద ఉంచి వెనక్కి జరుపుతూ రండి, ఒకచోట దానంతటదే ఆగుతుంది. భుజం ఎముక వెనక అంచుకి రెండు మూడు వేళ్లు వెనకగా ఉండాలి జీను ముందు భాగం. ముందుకాలు చాపినప్పుడు ఆ ఎముక పైభాగం వెనక్కి కదులుతుంది. అడ్డుగా జీను ఉంటే అడుగు పొట్టిదవుతుంది. గౌరి పొట్టి అడుగులకి ఇది ఒక కారణం అయి ఉండొచ్చు. మూపు ఎముకకీ జీనుకీ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. మీరు కూర్చున్నాక కూడా ఎముకకి తగలకూడదు. వెనకనుంచి వంగి చూస్తే, వెన్నెముక పొడవునా జీను మధ్య కాలువలోంచి వెలుతురు కనబడాలి. ఆ కాలువ మూడు నాలుగు వేళ్ల వెడల్పు ఉండాలి. తరవాత అరచేతిని జీను అడుగున ఉండే మెత్తల కింద ముందునుంచి వెనకదాకా జరపండి. బిగుతు అంతటా ఒక్కలాగే ఉందా, మధ్యలో చెయ్యి గాల్లో ఆడుతోందా? మధ్యలో ఖాళీ ఉంటే ఆ జీను వంతెనలా రెండు కొసల మీదే నిలబడుతోందని అర్థం. చివరగా జీను మీద ఒక గోళీకాయ వదలండి. కూర్చునే చోట నడిమధ్యన ఆగితే జీను సమంగా ఉంది. మీ ఫొటో ప్రకారం అది దొర్లుకుంటూ వెనక అంచు దగ్గరికి పోతుందని నా అనుమానం.

జీను పొడవు కూడా చూడాలి. గుర్రానికి 18 జతల పక్కటెముకలు ఉంటాయి. డొక్క దగ్గర చివరి ఎముకని వేలితో పట్టుకుని వెన్ను దాకా పైకి తడుముతూ వెళ్లండి. అక్కడ సుద్దముక్కతో గీత గీయండి. జీను బరువు ఆ గీత దాటకూడదు. దాటితే కింద ఆసరా ఇచ్చే ఎముకలు ఉండవు, ఉన్నది నడుమే. మీ జీను సీటు 18 అంగుళాలు అన్నారు. అది ముందు పక్కన ఉండే మేకు నుంచి వెనక అంచు మధ్య దాకా కొలత. మీ ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. సాధారణంగా మీలాంటివాళ్లకి 16 లేదా 16న్నర సరిపోతుంది, తొడ పొడవుని బట్టి కొద్దిగా అటూ ఇటూ. కూర్చున్నాక వెనక బెత్తెడు ఖాళీ మిగలాలి, మీకు రెండు బెత్తెలు మిగులుతోంది. మామయ్య తన ఒంటికి సరిపోయేది ఎంచినట్టున్నారు. గౌరి పొట్టి వీపుకీ అది పొడవే. వెనక వెంట్రుకలు రేగుతున్నది అందుకే.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఉన్న జీనునే సర్దించడం ఒకటి. మెత్తల్లో ఉన్ని కూరి ఉంటే పనివాడు కుట్టు విప్పి తీసి, నింపి కొంత సమం చేయగలడు. ఫోమ్ అయితే ఆ వీలు లేదు. కొన్ని జీనుల్లో ముందున్న ఇనుప కమాను మార్చుకునేలా మరలు ఉంటాయి, తోలు మడత ఎత్తి చూడండి. అది ఉంటే వెడల్పు సమస్య తీరుతుంది. లేకపోతే ఎంత ఉన్ని సర్దినా ఇరుకు ఇరుకే, పెట్టిన డబ్బు పోతుంది. వెడల్పు తీరినా 18 అంగుళాల పొడవు అలాగే ఉంటుందన్నది గుర్తుంచుకోండి. అందుకని ఈ దారి మీద నాకు పెద్దగా ఆశ లేదు.

కొన్నచోటే మార్పించుకోవడం నాకు నచ్చిన దారి. జీనుల తయారీలో కాన్పూర్‌ది పాత పేరు, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మీ జీను ఫొటోలో కుట్టుపని చక్కగా ఉంది. సరుకు మంచిదే, సైజు తప్పు. అయితే వెడల్పుది ఇవ్వండి అని నోటిమాటగా అడిగితే మళ్లీ గుడ్డి ఎంపికే అవుతుంది. గౌరి వీపునే కాగితం మీద గీసి పంపాలి. ఇంటి వైరింగుకి వాడే మందపాటి ఒంటిపోగు రాగి తీగ రెండడుగులు తీసుకోండి. వంచితే వంగి, వదిలితే అలాగే ఉండేది కావాలి. భుజం ఎముకకి రెండు వేళ్ల వెనక మూపు మీద అడ్డంగా వేసి, రెండు వైపులా ఒంటికి అతుక్కునేలా వేళ్లతో నొక్కండి. ఆకారం చెడకుండా ఎత్తి, అట్టమీద పెట్టి లోపలి అంచు వెంట పెన్సిల్‌తో గీయండి. తరవాత బెత్తెడు వెనక ఒకటి, చివరి పక్కటెముక గీత దగ్గర ఒకటి. కత్తిరించిన ఆ మూడు అట్టల ఫొటోలు స్కేలు పక్కన పెట్టి తీసి పంపితే అక్కడివాళ్లకి పని తెలుస్తుంది. మూడు నెలలు వాడిన జీను పూర్తి ధరకి వెనక్కి తీసుకోకపోవచ్చు. కొంత మీరే వేసుకోవాల్సి రావచ్చు, ఆ డబ్బు ముందే సిద్ధం చేసుకోండి.

చట్రం లేని మెత్త జీనులూ దొరుకుతాయి. మీలా తేలికైనవాళ్లకి, గంటసేపు నడకకి పనికొస్తాయి. కానీ కాళ్లు పెట్టుకునే రికాబుల బరువు రెండు చోట్లే పడుతుంది, వెన్నెముక మీద ఒత్తిడి రాకుండా కింద మంచి మెత్త కావాలి. మళ్లీ దుప్పటి మీదే ఎక్కుతానంటే, పొద్దున్న కాసేపు నడకకి ఫరవాలేదు. రోజూ పరుగులకి మాత్రం వద్దు, మీ కూర్చునే ఎముకలు రెండే మొత్తం బరువు మోపుతాయి. ఇక ఇప్పుడున్నట్టే స్పాంజి మార్చుకుంటూ తొలేళ్ళ దాకా నెట్టుకురావడం కూడా ఒక దారే. పుండు పడితే పెళ్లిళ్ల సీజను మొత్తం పోతుంది. కరిచే గుర్రమని పేరు పడితే గౌరిని కొనేవాళ్లు కూడా దాన్ని బాగా చూసుకునేవాళ్లయి ఉండరు.

స్వారీ మానుకోవాలా అన్నారు. వద్దు. మీ నడుం నొప్పి జీను మారిన నెల తరవాత కూడా తగ్గకపోతే అప్పుడు డాక్టరుకి చూపించుకోండి. అమ్మకి ఆ గడువే చెప్పండి.

మామయ్య విషయం. పండగ రోజున ఆయన వచ్చి చూసి, అడిగి, అప్పుడు తెలుసుకోవడం అన్నిటికంటే చెడ్డది. ఇప్పుడే ఫోన్ చేయండి, నాన్నగారు పక్కనుండగా. 'మీరిచ్చింది బాగోలేదు' అని మొదలుపెట్టకండి. 'మామయ్యా, గౌరికి సైజు తేల్చుకోవాలి, మీ సాయం కావాలి' అనండి. బిగుతు బూటుతో పది కిలోమీటర్లు నడిస్తే కాలు ఏమవుతుందో మిలటరీలో చేసిన మనిషికి మనం చెప్పక్కర్లేదు, రెండు జతల సాక్సులు వేస్తే ఏమవుతుందో కూడా. కొన్నచోట మాట్లాడే పని ఆయనకే అప్పగించండి. అట్టలు గీసే పని నాన్నగారు చేయాలి, వీపు మీద ఎక్కడ ఏముందో ఆయన వేళ్లకి తెలిసినంత మీకు తెలియదు. ఇద్దరికీ ఒకే పని మీద మాట్లాడుకోవలసిన అవసరం పడుతుంది, పొలం ఊసు రాకుండా. ఆయన నొచ్చుకోవచ్చు, రెండు రోజులు ముభావంగా ఉండొచ్చు. పండక్కి ఇంకా నెలలున్నాయి, దసరా వెళ్లిన మంగళవారానికి గానీ సిరిమాను కదలదు. ఆలోగా కొత్త జీను రాకపోతే, తొలేళ్ళ రోజు గౌరిని జీను లేకుండా, కడిగి దువ్వి, పగ్గం పట్టుకుని మామయ్య ముందుకి నడిపించుకురండి.

పెళ్లి జీను సంగతి నాన్నగారికి శ్రావణం బుకింగులు తీసుకునే ముందు చెప్పాలి. అలంకరణ బరువు సగం చేయమనండి. బరువైన పెళ్లికొడుకుకి కారు దాకానో గుడి దాకానో కాసేపే ఎక్కించి దింపేలా మాట్లాడుకోవచ్చు. ఆ జీనుకి కూడా అదే గోళీకాయ, అదే అరచెయ్యి పరీక్ష.

సరిపోయే జీను వచ్చాక మొదటిరోజు ఎక్కకండి. వీపు మీద పెట్టి, పట్టీ మోచేతికి బెత్తెడు వెనకగా ఉండేలా చూసి, ఒక రంధ్రం బిగించి నాలుగడుగులు నడిపించి, మళ్లీ ఒక రంధ్రం. ఒక్క ఊపున బిగించొద్దు. నాలుగైదు రోజులు అలా తిప్పాక పది నిమిషాలు ఎక్కండి. దిగగానే జీను తీసి చెమట చూడండి. గౌరికి ఇంకా కొంతకాలం చెవులు వెనక్కి వాలుతాయి, నొప్పి పోయినా గుర్తు ఉంటుంది. కొట్టకుండా ఓపిక పట్టండి. వానలకి పచ్చగడ్డి తిని ఒళ్లు చేస్తుంది కాబట్టి, ఆరు నెలలకోసారి ఆ తీగతో మళ్లీ కొలవాలి.

అట్టలు గీశాక వాటి ఫొటో నాకూ పంపండి. ఏది ఎక్కడిదో, ఎడమ ఏదో కుడి ఏదో, ఏ తేదీన గీశారో ఒక్కోదాని మీద రాయడం మరిచిపోవద్దు.